ముందు వాడేమన్నాడో చెప్పు

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. పండగ సెలవులకు ఇంటికొచ్చినప్పుడు వాణ్ని కూర్చోబెట్టి ఓ ప్రశ్న అడిగాను. ‘‘ఒకబ్బాయి ఇంకో అబ్బాయిని ఏదో చెడ్డ మాటన్నాడు. ఆ రెండోవాడు చెయ్యి చేసుకుంటే తప్పంటావా, కాదంటావా?’’

ఫోన్లోంచి తలెత్తకుండానే, ‘‘ముందు వాడేమన్నాడో చెప్పు మావయ్యా’’ అన్నాడు.

‘‘ఏదో ఒకటి అన్నాడనుకో.’’

‘‘అలా ఎలా కుదురుతుంది? నన్నంటే వేరు, అమ్మనంటే వేరు.’’

‘‘అమ్మనంటే?’’

‘‘కొట్టకపోతే వాడు మనిషే కాదు.’’ అప్పుడు తలెత్తాడు.

ఆ ప్రశ్న నేను అల్లింది కాదు. అమెరికాలో రోవెల్ హ్యూస్‌మన్, నాన్సీ గెర్రా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పిల్లల కోసం తయారుచేసిన ప్రశ్నాపత్రంలోది. అందులో మొత్తం 20 ప్రశ్నలుంటాయి. 12 ప్రశ్నల్లో ఎవరో ఒకరు ముందు కవ్విస్తారు, మాటతోనో చేత్తోనో. కవ్వించింది అబ్బాయా అమ్మాయా, తిరగబడింది అబ్బాయా అమ్మాయా అన్నది మారుతూ పోతుంది. మిగిలిన 8 ప్రశ్నల్లో కవ్వింపు ఉండదు. కోపం వచ్చింది కదా అని ఎవరినైనా తోసెయ్యొచ్చా, నోరు పారేసుకోవచ్చా అని ఊరికే అడుగుతారు. దేనికైనా జవాబులు నాలుగే: ఏం తప్పు లేదు, పెద్ద తప్పేం కాదు, కొంచెం తప్పే, చాలా తప్పు.

నీకు కోపం ఎంత వస్తుందని ఈ కాగితం పిల్లాణ్ని అడగదు. ఎప్పుడైనా ఎవరినైనా కొట్టావా అనీ అడగదు. కొట్టడం గురించి ఏమనుకుంటున్నావో చెప్పమంటుంది, అంతే. అంత చిన్న ప్రశ్నకు వచ్చిన జవాబులోంచి ఆ పిల్లాడు వచ్చే ఏడాది ఏం చేస్తాడో కొంతైనా పసిగట్టవచ్చా? వాళ్లిద్దరూ తేల్చుకోవాలనుకున్నది ఇదే. నగరాల్లోని పేద పేటల్లో చదువుకుంటున్న ప్రాథమిక పాఠశాల పిల్లలను ఏడాది తేడాతో రెండుసార్లు పరీక్షించి 1997లో ఫలితాలు అచ్చువేశారు.

మొదటి సంగతి పెద్దగా ఆశ్చర్యపరచదు. వయసు పెరిగేకొద్దీ ‘తప్పు లేదు’ అనే జవాబులు పెరిగాయి. దాంతోపాటే కొట్లాటలూ పెరిగాయి. రెండో సంగతి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. చిన్న తరగతుల్లో, ఈ ఏడాది ఎక్కువగా కొట్టిన పిల్లాడు పై ఏడాదికి కొట్టడం తప్పు కాదనడం మొదలుపెట్టాడు. అంటే ముందు చెయ్యి ఆడింది, దానికి సమర్థన తర్వాత పుట్టుకొచ్చింది. కాస్త పెద్ద తరగతులకు వచ్చేసరికి వరస తిరగబడింది. ఈ ఏడాది తప్పు కాదన్నవాడు పై ఏడాది ఎక్కువ కొట్టాడు. ఆరేళ్లవాడు పక్కవాడి పెన్సిలు లాక్కుని ఒకటి వేస్తాడు. పెన్సిలు దక్కింది, పెద్దగా తిట్లూ పడలేదు కాబట్టి ఇది నడిచే వ్యవహారమేనని తీర్మానించుకుంటాడు. పదేళ్లు వచ్చేసరికి ఆ తీర్మానమే వాణ్ని నడుపుతుంది. మొత్తం ఈ పరిశోధనల్లో తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే ఉందంటే, నా మట్టుకు నాకు అది ఈ తిరగబడ్డ వరసే.

లోపల జరిగేదేమిటో హ్యూస్‌మన్ చెప్పే తీరు సులువుగానే అర్థమవుతుంది. ఎవరైనా భుజం తగిలించగానే పిల్లాడి బుర్రలో తయారుగా ఉన్న సీన్లలో ఒకటి మెదులుతుంది. అది ఇంట్లో చూసిందో, వీధిలో చూసిందో, తెర మీద చూసిందో కావచ్చు. మెదిలిన ప్రతి సీనూ ఆచరణలోకి రాదు. మధ్యలో ఓ చెక్‌పోస్టు ఉంటుంది. ‘ఇది చెయ్యొచ్చా?’ అని అక్కడ అడుగుతారు. చెయ్యొచ్చు అన్న నమ్మకం ఉన్నవాడి బండి ఆగకుండా వెళ్లిపోతుంది. కోపం అందరికీ వస్తుంది. తేడా ఉండేది చెక్‌పోస్టు దగ్గరే.

కొట్టడం తప్పని మావాడికి తెలియదా అంటే, బాగా తెలుసు. ‘‘మనుషుల్ని కొట్టడం తప్పా కాదా?’’ అని ఊరికే అడిగితే ‘‘చాలా తప్పు’’ అని ఠక్కున చెప్పాడు, నీతిశాస్త్రం పరీక్షలో రాసినట్టు. షరతు తగలగానే జవాబు మెత్తబడింది. 20లో 12 ప్రశ్నలకు ముందు ఓ కవ్వింపు తగిలించడం ఎందుకో అప్పుడు తెలిసొచ్చింది. దౌర్జన్యం గురించిన నమ్మకాలు సూక్తుల్లో ఉండవు, ‘అయితే’లో, ‘అంటే’లో ఉంటాయి.

ఆ షరతులు ఎలా ఉంటాయో గెర్రా అంతకుముందే, 1988లో, రొనాల్డ్ స్లేబీతో కలిసి చూసింది. 144 మంది కౌమార వయసు పిల్లలను తీసుకున్నారు. 48 మంది హింసాత్మక నేరాలు చేసి నిర్బంధంలో ఉన్నవాళ్లు, 48 మంది హైస్కూల్లో దూకుడుగా ఉంటారని పేరుపడ్డవాళ్లు, 48 మంది నెమ్మదస్తులు. దూకుడు ఎక్కువైనకొద్దీ కొన్ని నమ్మకాలు చిక్కబడుతూ వచ్చాయి. వాటిని మన మాటల్లో చెప్పాలంటే: కొట్టడంలో తప్పు లేదు. కొడితే నలుగురిలో పేరొస్తుంది. కొట్టకపోతే పిరికోడంటారు. అయినా వాడికేం అంత నొప్పి పుట్టదులే. ఏ ఊరి బస్టాండులో, ఏ హాస్టలు వరండాలో నిలబడ్డా ఈ నాలుగు మాటలూ వినిపిస్తాయి.

‘పిరికోడంటారు’ అన్న భయం ఎంత లోతుగా దిగుతుందో చూపించినది 1996లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాల వరస. డోవ్ కోహెన్, రిచర్డ్ నిస్బెట్, వాళ్ల సహచరులు చేశారు. పాల్గొన్నవాళ్లు కాలేజీ కుర్రాళ్లు, అంటే కౌమారం అంచు దాటుతున్నవాళ్లు. ఇరుకు నడవలో నడిచి వెళ్తుంటే ఒకడు కావాలని భుజం తగిలించి, పైగా ఓ బూతు మాట అని పోతాడు. వాడు పరిశోధకులు పెట్టిన మనిషే. పరువు దగ్గర రాజీపడకూడదని పిల్లలకు నూరిపోసే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెరిగినవాళ్లు ఒక పక్క, ఉత్తరాది వాళ్లు ఇంకో పక్క. ఉత్తరాది వాళ్లలో 65 శాతం మంది కోపం కంటే నవ్వులాటే ఎక్కువ చూపించారు. దక్షిణాది వాళ్లలో 85 శాతం మందికి నవ్వు కంటే కోపమే ఎక్కువ కనిపించింది.

ఒత్తిడిలో ఒంట్లో ఊరే కార్టిసాల్‌ను కూడా కొలిచారు. మాట పడ్డ దక్షిణాది కుర్రాళ్లలో అది 79 శాతం పెరిగింది. మాట పడని దక్షిణాది వాళ్లలో 42. ఉత్తరాది వాళ్లలో మాట పడ్డా 33, పడకపోయినా 39. చూడండి, ఉత్తరాది వాడి ఒంటికి అసలేమీ జరిగినట్టే లేదు. అదే నడవలో ఎదురుగా ఓ భారీ మనిషి వస్తుంటే దక్షిణాది కుర్రాడు మామూలుగా 9 అడుగుల దూరంలోనే పక్కకు తప్పుకునేవాడు. తిట్టు తిన్నాక 3 అడుగుల దాకా తప్పుకోలేదు. దీన్నే మన దగ్గర పౌరుషం అంటాం. రక్తంలో ఉందని కూడా అంటాం. ఆ లెక్క చూశాక ఒప్పుకోవాలనిపిస్తుంది, నిజంగానే రక్తంలోకి దిగుతోంది. కాకపోతే రక్తంలోంచి పుట్టలేదు. భుజం తగలడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచి చెప్పినవాళ్ల మాటల్లోంచి పుట్టింది.

భుజం తగిలిందా, తగిలించాడా? తెలుగులో ఒక్క ‘ఇంచు’తో కథ మారిపోతుంది. ఎదుటివాడు కావాలనే చేశాడని అనుకునే అలవాటు మీద కెన్నెత్ డాడ్జ్ 1980 నుంచీ పనిచేస్తున్నాడు. 2015లో ఆయన బృందం 9 దేశాల్లో 12 సాంస్కృతిక సమూహాలకు చెందిన 1,299 మంది పిల్లలను నాలుగేళ్ల పాటు గమనించి ఫలితాలు ప్రకటించింది. చైనా, కొలంబియా, ఇటలీ, జోర్డాన్, కెన్యా, ఫిలిప్పీన్స్, స్వీడన్, థాయిలాండ్, అమెరికా ఉన్నాయి అందులో, మనం లేం. పిల్లలకు చిన్న చిన్న సన్నివేశాలు చెప్పి, ఎదుటివాడు ఎందుకలా చేశాడంటావు, నువ్వైతే ఏం చేస్తావు అని అడిగారు. కావాలనే చేశాడనుకున్నప్పుడు ఎదురుదెబ్బ తీస్తాననే అవకాశం, అలా అనుకోనప్పటి కంటే 5 రెట్లు ఎక్కువ. ఈ ధోరణి 12 సమూహాల్లోనూ ఒకేలా కనిపించింది. కావాలనే చేశాడని అనుకోవడంలో మాత్రం ఊరికీ ఊరికీ చాలా తేడా. జోర్డాన్‌లోని జర్ఖాలో, ఇటలీలోని నేపుల్స్‌లో ఎక్కువ. స్వీడన్‌లోని ట్రోల్‌హెట్టాన్‌లో, చైనాలోని జీనాన్‌లో తక్కువ. ఏ ఊళ్లో ఈ అనుమానం ఎక్కువో ఆ ఊళ్లో పిల్లల కొట్లాటలూ ఎక్కువే.

ఇక్కడో హెచ్చరిక చేయకపోతే అన్యాయం. 5 రెట్లు అనగానే పత్రికల వాళ్లకు హుషారొస్తుంది, నాకూ వస్తుంది. ఈ అనుమానం మీద అంతకుముందు జరిగిన 41 అధ్యయనాలను, 6,017 మంది పిల్లల సమాచారాన్ని కలిపి 2002లో లెక్కకట్టినప్పుడు, అనుమానానికీ దూకుడుకూ మధ్య తేలిన సహసంబంధం 0.17. దీన్ని వర్గం చేస్తే 0.03 దరిదాపుల్లో ఉంటుంది. అంటే పిల్లలకూ పిల్లలకూ మధ్య దూకుడులో కనిపించే తేడాలో వందకు మూడు పాళ్లను మాత్రమే ఈ ఒక్క అలవాటు వివరిస్తుంది. రెండు అంకెలూ ఒకదాన్నొకటి కొట్టేయవు. 5 రెట్లు అన్నది అదే పిల్లాడు ఆ క్షణంలో ఎలా అనుకున్నాడన్న దాన్ని బట్టి. 0.17 అన్నది ఈ పిల్లాడికీ ఆ పిల్లాడికీ పోలిక. ఇల్లు, పేదరికం, స్నేహాలు, నిద్ర, పుట్టుకతో వచ్చిన స్వభావం అన్నీ మిగతా తొంభై ఏడు పాళ్లలో ఉన్నాయి. ‘ఆలోచన మారితే చాలు’ అని వేదికలెక్కి చెప్పేవాళ్లు ఈ మూడు పాళ్ల దగ్గర కొంచెం నోరు తగ్గిస్తే బాగుంటుంది.

ఇక మన ఇంటి లెక్క. అమెరికా ప్రశ్నాపత్రానికి చుట్టం లాంటిది మన దగ్గరా ఒకటుంది, దాన్ని ఆ పేరుతో పిలవం అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళలను, పురుషులను ఏడు సందర్భాలు చెప్పి, ఇలా జరిగితే భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడుగుతారు. చెప్పకుండా బయటికెళ్తే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామలను గౌరవించకపోతే, ఇలా. ఇక్కడా షరతులే చూడండి. 2019-21లో జరిగిన అయిదో విడతలో కనీసం ఒక్క సందర్భంలోనైనా సబబే అన్న మహిళలు దేశం మొత్తం మీద 45 శాతం, పురుషులు 44 శాతం. మహిళల్లో తెలంగాణ అంకె 83.8. ఆంధ్రప్రదేశ్ అంకె 83.6. హిమాచల్ ప్రదేశ్‌లో 14.8.

ఆ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అంకెలు చూసి నేను కాగితం పక్కన పెట్టేశాను. పదిహేనేళ్ల అమ్మాయిలు కూడా అందులో ఉన్నారు. అయితే నమ్మకమే సర్వం అనుకోకుండా పట్టి ఆపే అంకె కూడా అదే సర్వేలో ఉంది. భర్త చేతిలో ఎప్పుడైనా హింస అనుభవించామన్న వివాహితలు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. నమ్మకం దగ్గర రెండు రాష్ట్రాలకూ వెంట్రుకవాసి తేడా కూడా లేదు, దెబ్బల దగ్గర ఏడు పాళ్ల తేడా ఉంది. హిమాచల్‌లో ఆ నమ్మకమూ తక్కువే, దెబ్బలూ తక్కువే. చెక్‌పోస్టు గేటు ఎత్తి ఉన్నంత మాత్రాన ప్రతి బండీ బయలుదేరదు. గేటు దించి ఉంటే మాత్రం చాలావరకు ఆగిపోతాయి.

ఇంట్లో అలా ఉంటే బడిలో ఇంకోలా ఎందుకుంటుంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనంలో, ఏడెనిమిదేళ్ల పిల్లల్లో మూడింట రెండొంతులకు పైగా గడిచిన వారంలో బడిలో దెబ్బలు తిన్నామన్నారు. పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లలో అది మూడో వంతు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలపై చెయ్యి చేసుకోవడాన్ని నిషేధించింది. చట్టం సంగతి ఏమో గాని, దెబ్బకు దెయ్యమైనా వదులుతుందన్న సామెతను ఎవరూ నిషేధించలేదు. మా చిన్నప్పుడు లెక్కల మాస్టారు బెత్తానికి నూనె రాసుకుని వచ్చేవారు. ఆయన మమ్మల్ని కొట్టాక ఇంటర్వెల్లులో మేం మాకంటే చిన్నవాళ్లను అదే మాటతో కొట్టేవాళ్లం: ‘‘నీ మంచికేరా.’’ పేద పేటల పిల్లల్లో హింసను కళ్లారా చూడటం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి గెర్రా, హ్యూస్‌మన్ బృందం 2003లో 4,458 మంది పిల్లల సమాచారాన్ని పరిశీలించింది. చిన్నవాళ్లు చూసింది చూసినట్టు అనుకరిస్తారు, పెద్దవాళ్లవుతున్నకొద్దీ చూసినదాన్ని నమ్మకంగా మార్చుకుంటారు అని తేల్చింది. ఆ ‘నీ మంచికేరా’ మాకెలా అబ్బిందో ఆ పరిశోధన చదివాక గాని నాకు తట్టలేదు.

మళ్లీ మావాడి దగ్గరికి వచ్చాను. ‘‘మీ క్లాసులో ఎంతమంది తప్పు లేదంటారు?’’

‘‘అందరూ.’’

‘‘నువ్వు?’’

కాసేపు గోళ్లు గిల్లుకుని, ‘‘కొంచెం తప్పే గానీ... బయటికి చెప్తే నవ్వుతారు.’’

నలభై మందున్న క్లాసులో నలభై మందీ ఇలా లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి అంటే ఎవరూ నోరు మెదపరు. వేధింపు కళ్లెదుట జరిగినప్పుడు తోటిపిల్లలు ఏం చేస్తారో కెనడా పరిశోధకులు పిల్లలకు మైకులు తగిలించి, ఆటస్థలం మీద కెమెరాలు పెట్టి చూశారు. 2001లో వచ్చిన ఆ అధ్యయనంలో, ఒకరిని ఇంకొకరు వేధించిన ఘటనల్లో 88 శాతం తోటిపిల్లల కళ్లెదుటే జరిగాయి. ఎవరైనా అడ్డుపడింది 19 శాతంలో. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకున్నారు మిగతావాళ్లు. అడ్డుపడ్డప్పుడు మాత్రం సగానికి పైగా, 57 శాతం సార్లు, వేధింపు పది సెకన్లలో ఆగిపోయింది.

మరి ఈ నమ్మకాలను మార్చవచ్చా? మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మనవాళ్లు. బడుల్లో వేధింపుల నివారణ కార్యక్రమాలు ఎంతవరకు పనిచేస్తున్నాయో చూడటానికి డేవిడ్ యేగర్ బృందం 2015లో 19 అధ్యయనాలను కలిపి లెక్కేసింది. ఏడో తరగతి వరకు కొంత ఫలితం ఉంది. ఎనిమిది నుంచి సగటున సున్నా. సామెతకు ఇంతకంటే రుజువేం కావాలనిపిస్తుంది. అయితే ఆ సున్నాకు కారణం పిల్లలు బిగుసుకుపోవడమా, పదిహేనేళ్లవాడికి ఆరేళ్లవాడి పాఠం చెప్పడమా? పెద్దవాళ్లు నిలబెట్టి నీతులు చెప్పడం ఆ వయసులో దేనికీ పనికిరాదని నా అనుమానం. నేను చెప్పిన ఏ నీతికీ మావాడు ఇప్పటిదాకా ఫోన్లోంచి తలెత్తలేదు.

యేగర్‌దే 2013 నాటి ప్రయోగం ఒకటి ఇంకో దారి చూపింది. 14 నుంచి 16 ఏళ్ల 230 మంది విద్యార్థులు. ఒక గుంపుకు ఆరు తరగతులు చెప్పారు. కొట్టకూడదు అన్న పాఠం అందులో లేదు. మెదడు మారుతుంది, మనుషులు మారతారు, ఈరోజు ఏడిపించినవాడు ఎప్పటికీ అలాగే ఉండిపోడు, ఏడిపించుకున్నవాడూ ఎప్పటికీ అలా పడి ఉండడు, ఇదీ పాఠం. నెల తర్వాత వాళ్లతో కంప్యూటర్లో బంతాట ఆడించి, కావాలని బంతి అందకుండా చేశారు. ఆ తర్వాత బంతి ఇవ్వనివాడు తినాల్సిన ఘాటు సాసును వీళ్లనే కొలవమన్నారు. వాడికి కారం పడదని ముందే చెప్పి మరీ! గుంటూరులో చేస్తే ఈ ప్రయోగం ఏమయ్యేదో గాని, అక్కడ మాత్రం ఆ ఆరు తరగతులు విన్నవాళ్లు మిగతావాళ్ల కంటే 40 శాతం తక్కువ సాసు పోశారు. మూడు నెలల తర్వాత చూస్తే బడిలో గొడవలు కూడా వీళ్లవే తక్కువ. ‘వాడి బుద్ధే అంత’ అన్న నమ్మకం సడలితే ‘కాబట్టి కొట్టొచ్చు’ అన్నది కూడా సడలుతుందన్నమాట.

క్లాసులో ‘అందరూ’ అనే భూతం మీద పనిచేసింది ఎలిజబెత్ పాలక్ బృందం. న్యూజెర్సీలో 56 బడులు, 24,191 మంది విద్యార్థులు. ఎవరెవరితో ఎక్కువగా గడుపుతావని ప్రతి ఒక్కరినీ అడిగి స్నేహాల పటం గీశారు. సగం బడుల్లో 20 నుంచి 32 మంది పిల్లల చొప్పున ఎంచి, గొడవలంటే మాకిష్టం లేదని తమకు తోచిన పద్ధతిలో బయటికి చెప్పమన్నారు. పోస్టర్లూ చేతి బ్యాండ్లూ అన్నీ పిల్లలవే. ఏడాదిలో ఆ బడుల్లో క్రమశిక్షణ దాకా వచ్చిన గొడవలు 30 శాతం తగ్గాయి. నలుగురి కళ్లూ ఎవరి మీద ఉంటాయో అలాంటి పిల్లలు ఆ గుంపులో ఎంత ఎక్కువుంటే ఫలితం అంత గట్టిగా ఉంది. ఉపాధ్యాయుడు మెచ్చే బుద్ధిమంతులే కానక్కర్లేదు వాళ్లు.

నిరాశపరిచిన లెక్క కూడా చెప్పాలి. 1990లో గెర్రా, స్లేబీ నిర్బంధంలో ఉన్న 120 మంది కుర్రాళ్లు, అమ్మాయిలతో ప్రయోగం చేశారు. ఈ నమ్మకాలను మార్చడానికి చెప్పిన 12 తరగతులు పూర్తయ్యేసరికి కొట్టడాన్ని సమర్థించే నమ్మకాలు తగ్గాయి, సిబ్బంది గమనించిన దూకుడు తగ్గింది. నమ్మకం ఎవరిలో ఎంత మారిందో దూకుడు కూడా దానికి తగ్గట్టే మారింది. తర్వాత వాళ్లు విడుదలై ఎవరి పేటలకు వాళ్లు వెళ్లారు. రెండేళ్ల పాటు చూస్తే, విడుదల షరతులు ఉల్లంఘించి మళ్లీ పట్టుబడ్డవాళ్ల సంఖ్యలో ఆ తరగతులు విన్నవాళ్లకూ విననివాళ్లకూ తేడా కనబడలేదు.

ఇదంతా మావాడికి చెప్పలేదు. చెప్పినా వినడు. సెలవులైపోయి బయలుదేరే రోజు పొద్దున వాడే నా బల్ల మీద ఉన్న ప్రశ్నల కాగితం తీసి తిరగేశాడు.

‘‘ఇవన్నీ పిల్లలకేనా మావయ్యా? పెద్దవాళ్లకు లేవా?’’

‘‘ఈ కాగితంలో లేవురా.’’

‘‘అయితే నేనడుగుతా. పిల్లాడు ఇంట్లో అబద్ధం చెప్పాడు. వాళ్ల నాన్న ఒకటి పీకాడు. తప్పా, కాదా?’’

టీ గ్లాసు కింద పెట్టి, ‘‘ఏం అబద్ధం చెప్పాడు?’’ అన్నాను.